తొండి గీత

రామస్వామి సారు ఫొటోలో ఆ గీత మీద కర్ర పెట్టగానే సుగ్రా బేగం చేతిలో పళ్ళెం ఒరిగిపోయి రెండు కప్పుల చాయ్ ఫ్రాన్సు కుర్రవాడు లూక్ తొడ మీద ఒలికింది. లూక్ లేచి గంతులేశాడు. సుగ్రా అతని వంక చూడనైనా చూడలేదు. ఆమె కళ్ళు తెల్లగుడ్డకు తగిలించిన ఆ పెద్ద ఫొటోకు, అందులోని గీతల బండకు అతుక్కుపోయాయి.

అది రెండువేల ఏడు, మే నెల. కొల్లాపూర్ దాటినాక కృష్ణ ఒడ్డున ఒక మామిడితోటలో శిబిరం నడుస్తోంది. ఏడు దేశాల నుంచి ఇరవైమంది కుర్రకారు వచ్చారు. పొద్దున తెరచాప పడవలు నడపడం నేర్చుకుంటారు, సాయంత్రం ప్రాచీన చరిత్ర వింటారు. ఈ రెంటికీ పొత్తు ఏమిటంటే, ఎండాకాలం నీళ్ళు తగ్గి నది నడుమ ఒక దిబ్బ తేలుతుంది. డ్యాములో మునిగిన ఊరి దిబ్బ అది. పడవల మీద అక్కడికి పోవడం, పెంకులేరుకోవడం, వచ్చి సుగ్రా బేగం వండిన బగారా అన్నం మీద పడడం. ఇదీ వాళ్ళ చదువు.

"ఊరు నిన్నమొన్నటిదే. ఈ బండ మాత్రం వెయ్యేళ్ళ నాటిది. ఇది ఒక యంత్రం. పాపం, ఆ ఊరివాళ్ళు తెలియక అరుగుకు వేసుకున్నారు" అన్నారు రామస్వామి సారు.

"పులిమేక గీతల లెక్కున్నది సార్" అంది పూర్ణిమ. గద్వాల నేతగాళ్ళ పిల్ల, ఈ జిల్లా తరఫున శిబిరానికి ఎంపికైంది.

"ఆట తర్వాత వచ్చిందమ్మా, యంత్రం ముందు. ఇదిగో, ఎడమ మూలన ఈ చిన్న అడ్డగీత చూశారా? ఇలాంటిది దేశంలో మరెక్కడా లేదు. ఉత్తరాయణ సూర్యోదయాన్ని చూపించే గీత!"

సారు ఢిల్లీలో చదివి, విదేశాల్లో పాఠాలు చెప్పి వచ్చినవాడు. అరుగు మీద కూర్చుని పులిమేక ఆడిన పాపాన పోలేదు. ఆడి ఉంటే ఆ గీత సూర్యుణ్ణి చూపించడం లేదని, సుగ్రా బేగం బుద్ధిని చూపిస్తోందని తెలిసేది.

ఎందుకంటే ఆ బండ సుగ్రా ఇంటి అరుగుది. ఆ గీత సుగ్రాయే చెక్కింది.

అప్పట్లో రోజూ మధ్యాహ్నం ఆ అరుగు మీద సుగ్రా, పక్కింటి రామేశ్వరమ్మ ఆడేవాళ్ళు. ముప్పయ్యేళ్ళకు దగ్గర పడ్డ ఇద్దరు ఇల్లాళ్ళు, పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేచేవాళ్ళు కాదు. అరుగు తనది కాబట్టి మూడు పులులూ సుగ్రావి, పదిహేను మేకలూ రామేశ్వరమ్మవి. పులి మేకల మీంచి దూకి తినాలి. మేకలన్నీ కూడి పులిని కదలకుండా మూసెయ్యాలి. రామేశ్వరమ్మ రోజూ మూసేసేది. రోజూ గెలిచేది. గెలిచి ఊరుకుంటే బాగుండు, బావి దగ్గర నలుగురికీ చెప్పేది.

ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది మనిషి? ఒక పగలు సుగ్రా తన మొగుడి ఉలి తీసుకుని ఎడమ మూలన వేలెడంత గీత కొట్టేసింది. పాతగా కనబడాలని బూడిద రుద్దింది. మరునాడు మూలన చిక్కిన పులి ఆ గీత మీదుగా తాపీగా జారుకుంది.

"గీ గీత యాడికెల్లొచ్చిందే?" అంది రామేశ్వరమ్మ.

"ఎప్పటిసందో ఉన్నది. నీకు కండ్లు కనిపిస్తలేవా?"

"తొండి! తొండి జేసినవే సుగ్రా!"

"కృష్ణమ్మ మీద ఒట్టు. నేను జెయ్యలే."

రామేశ్వరమ్మ మేకలన్నిటినీ వీధిలోకి విసిరికొట్టి లేచిపోయింది. వారం తిరక్కుండా ఊరు ఖాళీ చెయ్యమని లారీలొచ్చాయి. ఒకామె కొల్లాపూర్ లారీ ఎక్కింది, ఒకామె గద్వాల లారీ ఎక్కింది. చెయ్యి ఊపుకోలేదు. తర్వాత కృష్ణమ్మ ఊరిని మింగేసింది. అది డ్యాము వల్లనని లోకమంతటికీ తెలుసు. ఒట్టు పెట్టిన సుగ్రాకే లోపల కొంచెం అనుమానం ఉండిపోయింది.

ఇరవై ఆరేళ్ళు నీళ్ళ కింద హాయిగా ఉన్న తొండి ఇప్పుడు బయటపడింది. పడితే పడింది, చూసేదెవరు అనుకుందామంటే, ఆదివారం ముగింపు పండుగ. ఆ ఊరి పాతవాళ్ళందరినీ దిబ్బ మీదికి పిలిచి సన్మానిస్తారట.

గిన్నెలు తోముతూ సుగ్రా మెల్లగా పూర్ణిమను కదిపింది. "గద్వాలకెల్లి ఎవలన్న వస్తున్నరా బిడ్డా?"

"మా అమ్మమ్మ వస్తది సుగ్రమ్మా. రామేశ్వరమ్మ. ఆమెది గూడ గదే ఊరు. ఇంట్ల ఎవరు పులిమేక ఆడినా ఒకటే కథ జెప్తది. ఎవరో తొండి మనిషి ఉండెనట."

"పేరు జెప్పిందా?" సుగ్రా తోమిన గిన్నెనే మళ్ళీ తోమసాగింది.

"పేరు దల్చుకుంటే అన్నం పోదంటది."

ఇక ఆగడానికి లేదు. ఆదివారం లోపు ఆ గీత మాయం కావాలి. లేకుంటే ఊరందరి ముందు, మనుమరాలి ముందు, రామేశ్వరమ్మ వేలు పెట్టి చూపిస్తుంది. సుగ్రా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

ఉపాయం కూడా సారు పాఠంలోనే దొరికింది. పాత కోటల గోడలు సున్నం, బెల్లం, కోడిగుడ్డు సొన కలిపి కట్టారని ఆయన చెబుతుంటే పిల్లలంతా కునికారు గానీ వంటమనిషి మాత్రం చెవులు రిక్కించి విన్నది. శుక్రవారం పొద్దున్నే ఆ మూడూ కలిపి, ఇంత రాతిపొడి వేసి, టిఫిన్ డబ్బాలో మూత పెట్టి ఒడ్డుకు నడిచింది.

పడవలు నేర్పే పర్వేజ్ అడ్డం నిలబడ్డాడు. "ఆపా, రూల్ అంటే రూలే. ఈత పరీక్ష పాసైతేనే పడవ."

"పుట్టిన ఊరు జర చూసొస్త బేటా."

"ఈత రావాలె ఆపా."

సుగ్రా డబ్బా పూర్ణిమ చేతికిచ్చి, కొంగు నడుముకు బిగించి, చెప్పకుండా చెయ్యకుండా నీళ్ళలోకి దూకింది. దూరంగా గుర్తుకు కట్టిన ఎర్ర బుంగను తట్టి వెనక్కి వచ్చింది. పిల్లలు ఈలలు వేశారు.

"మల్లొక్కపారి పోవాల్నా?"

పర్వేజ్ లైఫ్ జాకెట్ తెచ్చాడు. అది ఆమె చుట్టూ అందలేదు. తాడుతో కట్టాడు. లూక్ చుక్కాని పట్టాడు, పూర్ణిమ తెరచాప తాడు పట్టింది, సుగ్రా డబ్బాను ఒళ్ళో పెట్టుకుని మధ్యన కూర్చుంది. మలుపు తిరిగినప్పుడల్లా తెరచాప కింది వాసం తల మీదికి వస్తుంది, లూక్ అరుస్తాడు, ఆమె వంగుతుంది. సగం దారిలో గాలి పడిపోయింది.

"గాలి లేకుంటే ఆగిపోయేదానికి ఏడు దేశాలకెల్లి వచ్చిన్రా?" అని డబ్బా మూత ఊడదీసి దాంతోనే నీళ్ళు తోసింది. లూక్‌కు మాట అర్థం కాకపోయినా సిగ్గు మాత్రం అర్థమై తెడ్డు అందుకున్నాడు.

దిబ్బ మీద కాలు పెట్టి సుగ్రా చుట్టూ చూసింది. గోడల్లేవు, పునాదులున్నాయి. ఇదిగో వాకిలి, ఇదిగో రామేశ్వరి ఇంటికి పోయే మూడడుగుల సందు. ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూర్చుంటే డబ్బాలో సున్నం గట్టిపడుతుంది. పిల్లలిద్దరినీ పెంకులు ఏరుకొమ్మని అవతలికి తోలి, అరుగు ముందు గొంతుక్కూర్చుని ఎడమ మూలన గీత పూడ్చేసింది. బొటనవేలితో సాపు చేసింది. బురద పూసింది. అంతా అయ్యాక ఎట్లా ఉందోనని కుడి మూలతో పోల్చి చూసింది.

కుడి మూలన ఒక గీత తక్కువ ఉంది.

సుగ్రా కళ్ళు నులుముకుంది. తడిమి చూసింది. గీత ఉండాల్సిన చోట నాపబండ నున్నగా, కొంచెం పల్లంగా ఉంది. నీళ్ళకు అరిగితే అన్నీ అరగాలి. ఒక్కటే అరిగింది. ఎవరో రుద్దారు. పులి తప్పించుకునే దారిని నెలల తరబడి ఓపికగా రుద్ది రుద్ది చెరిపేశారు.

"అందుకేనా! అందుకేనా గీ మూలకు పోయిన నా పులి ఎన్నడూ బయటికి రాకపోయేది! ఓసి నీ... రామేశ్వరీ!"

కోపం వచ్చింది. ఆ వెనకాలే పట్టరాని సంతోషం వచ్చింది. తన గీత మాయమైంది, దాని తొండి మిగిలింది. ఇంతకంటే ఏం కావాలి? ఆదివారం నలుగురిలో ఏమనాలో రెండు రోజులు ఉల్లిగడ్డలు కోస్తూ మనసులో తయారు చేసుకుంది.

ఆదివారం గుండ్రటి పుట్టి పడవల మీద ఊరి పాతవాళ్ళంతా వచ్చారు. రామేశ్వరమ్మ గద్వాల చీర కట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మనిషి సగమైపోయి దిగింది. సుగ్రా వంక చూడలేదు. తిన్నగా అరుగు దగ్గరికి నడిచి కుడి మూల మీద చతికిలబడింది.

"లేవండమ్మా, అది పురావస్తువు" అన్నారు సారు.

"మోకాళ్ళ నొప్పులు సార్. లేవరాదు."

సుగ్రాకు నవ్వు ఆగడం లేదు. నోరు తెరవబోయింది. అంతలో సారు కర్రతో ఎడమ మూల చూపించి, "ఇదీ ఉత్తరాయణ..." అని ఆగిపోయారు. వంగారు. మోకాళ్ళ మీద కూలబడి చేత్తో తుడిచారు. ఆయన మొహం పాలిపోయింది.

"ఎవరు పూడ్చారు? మొన్నటి నుంచి ఇక్కడికి ఎవరు వచ్చారు?"

పర్వేజ్ పుస్తకం తీశాడు. రూల్ ప్రకారం అందులో పిల్లల పేర్లే ఉంటాయి, వంటమనిషి పేరు ఉండదు; ఉన్నదే చదివాడు. "శుక్రవారం... లూక్, పూర్ణిమ."

"ఇద్దరికీ సర్టిఫికెట్ లేదు. వచ్చే ఏడు ఫ్రాన్సులో జరిగే శిబిరానికి పూర్ణిమ పేరు పంపాను, అది కూడా ఈ రోజే తీసేస్తాను."

పూర్ణిమ సుగ్రా వైపు ఒక్కసారి చూసింది. పెదవి కొరుక్కుని తల దించుకుంది.

"నా మనుమరాలు గసొంటి పని జెయ్యదు!" అని అరిచింది రామేశ్వరమ్మ. లేవబోయింది, కింద ఏముందో గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది. కూర్చునే చేతులు తిప్పుతోంది, కళ్ళ నిండా నీళ్ళు.

సుగ్రా తయారు చేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. కొప్పులోంచి పిన్ను లాగి, సారును పక్కకు జరిపి, ఎడమ మూలన సున్నమంతా గీకి పారేసింది.

"పూడ్చింది నేనే. పిల్లలకు తెల్వదు. అసలు చెక్కింది గూడ నేనే సార్, ఎనభై ఒకటిల, మా ఆయన ఉలితోని."

"అంటే... ఉత్తరాయణం?"

"ఉత్తరాయణం లేదు, దక్షిణాయనం లేదు. తొండి సార్. పులిమేకల గెల్వనీకి తొండి జేసిన."

దిబ్బంతా నవ్వింది. పూర్ణిమ ఇంగ్లీషులో చెప్పగానే పిల్లలు కూడా నవ్వారు. సారు కర్ర కింద పడేసి అరుగు కొసన కూర్చున్నారు. నవ్వనిది ఒక్క రామేశ్వరమ్మే.

"నవ్వవే" అంది సుగ్రా. "గిందుకే గద ఇన్నేండ్లు కాసుకొని కూసున్నవు."

రామేశ్వరమ్మ మెల్లగా లేచి పక్కకు జరిగింది. నున్నటి పల్లం మీద అరచెయ్యి పెట్టింది. "నేను గూడ. ఇసుకేసి రాసిన. నువ్వు లోపల రొట్టెలు జేస్తుంటే నాలుగు నెలలు రాసిన."

"శుక్రారమే జూసిన."

"మరి అందర్ల చెప్పకపోతివి?"

"చెప్దామనే వచ్చిన. నీ మనుమరాలు అడ్డమొచ్చె."

రామేశ్వరమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది. "నీ తొండికి అలిగి నీ దగ్గరికి రాలేదనుకున్నవా సుగ్రా? నా తొండి నీకు దొరికిందేమోనని మొఖం చెల్లక రాలే. కొల్లాపూర్‌కని మూడుపార్లు బయల్దేరిన. వనపర్తి బస్టాండుల దిగి, చాయ్ తాగి, మల్ల గద్వాల బస్సెక్కిన."

సుగ్రా ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ చెయ్యి మళ్ళీ తియ్యలేదు.

"చాయ్ తాగనీకి వనపర్తి దాక ఎందుకొచ్చినవే," అంది ఏడుస్తూ, "ఇంకొక్క బస్సెక్కితే మా ఇంట్ల దొరకకపోవునా?"