ఒకటిన్నర వెంట్రుక

కొండ దిగేటప్పుడు నా బండి స్టీరింగు వణుకుతోందన్న సంగతి ఏడాదిపాటు ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. బాగుచేసేవాళ్లకు కూడా "స్టీరింగు వణుకుతోంది" అని ఊరుకున్నాను. ఎప్పుడు వణుకుతుందని అడిగితే మాట దాటేశాను. వణుకుతున్నది స్టీరింగు కాదు, నా చేతులేనని నా భయం.

మా నాన్న జుమాదిల్ ఇదే దారిలో లారీ తోలాడు. యాభై రెండో ఏట ఒకరోజు త్యో-అషూ కనుమ దిగి వచ్చి, "చేతులు వణుకుతున్నాయి, ఇక నావల్ల కాదు" అని లారీ అప్పజెప్పేసి ఇంట్లో కూర్చున్నాడు. అంతటి డ్రైవరు మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. ఇప్పుడు నాకు నలభై ఆరు. మూడువేల మీటర్ల ఎత్తున్న ఆ కనుమ మీదుగా కొండకు ఇవతలి కారా-బల్తా నుంచి అవతలి తలాస్‌కి, తలాస్ నుంచి కారా-బల్తాకి మనుషుల్ని చేరవేయడం తప్ప నాకు మరో పని రాదు. ఎప్పుడూ బండినిండా జనమే. నాన్న రోగం నాకూ వచ్చిందంటే నేను బండి దిగిపోవాలి. దిగి ఏం చేయాలో నాకు తెలియదు.

ఒకచోట చక్రాలకు బ్యాలెన్సింగు చేశారు. ఇంకోచోట స్టీరింగు కింది జాయింట్లు మార్చారు. వణుకు పోలేదు. అది పోకపోయేసరికి నా చేతుల మీద అనుమానం గట్టిపడింది.

చివరికి కలీపా అక్క దగ్గరికి వెళ్లాను. ఆమె ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఇనుము చెక్కే లేతు మిషను మీద పనిచేసింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ మిషనును తెచ్చి ఇంటి పెరట్లో పెట్టుకుంది. తలకు గుడ్డ, నోట్లో రెండు బంగారు పళ్లు, ఆ నోరు మాత్రం మహా చెడ్డది.

"ఎప్పుడు వణుకుతుంది?" అంది.

"అప్పుడప్పుడూ."

"అప్పుడప్పుడూ వచ్చేది మా ఆడపడుచు. బండి రోగానికి ఒక వేళంటూ ఉంటుంది. వేగంలోనా, బ్రేకు తొక్కితేనా?"

ఆమె నా ముఖం చూసి, ఇంకేమీ అడక్కుండా పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. ఊరి బయట చక్కెరదుంప పొలాల మధ్య రోడ్డు ఖాళీగా ఉంది.

"వందకి పోనీ," అంది. పోనిచ్చాను. స్టీరింగు నిమ్మళంగా ఉంది.

"చూశావా, చక్రాల గొడవ కాదు. ఇప్పుడు చేతులు తీసెయ్."

"తీసేసి?"

"ఒళ్లో పెట్టుకో. పెట్టుకుని మెల్లగా బ్రేకు తొక్కు. పక్కన నేనున్నాగా."

తొక్కాను. నా కళ్లముందే, దానంతట అదే, స్టీరింగు జల్లెడ ఊగినట్టు ఊగింది. ఎవరి చెయ్యీ దానిమీద లేదు. కొండమీద చేతులు వదిలే వీలుండదు, నిజమే. ఈ చదును రోడ్డు మీద ఏడాదిలో ఒక్కసారి వదిలి చూడొచ్చు కదా. ఏం బయటపడుతుందోనన్న భయంతో చూడలేదు. బండి పక్కకు తీసి ఏడ్చాను. కలీపా అక్క కిటికీలోంచి పొలాల వంక చూస్తూ కూర్చుంది.

"అయిందా?" అంది కాసేపటికి. "పద, దొంగెవడో పట్టుకుందాం."

పెరట్లో ముందువైపు చక్రం ఒకటి విప్పింది. లోపలి బ్రేకు డిస్కు అద్దంలా మెరుస్తోంది. నా కంటికి ఏ లోపమూ కనబడలేదు. గడియారంలా ముల్లున్న కొలత పరికరం ఒకటి తెచ్చి, దాని మొనను డిస్కుకు ఆనించి, డిస్కును చేత్తో తిప్పింది. ముల్లు పన్నెండు గీతలు జరిగి మళ్లీ వెనక్కి వచ్చింది.

"అంటే ఎంతక్కా?"

తలగుడ్డ కిందనుంచి ఒక తెల్లవెంట్రుక పీకి ఆ మొన కింద పెట్టింది. ముల్లు ఎనిమిది గీతలు జరిగింది.

"ఒకటిన్నర వెంట్రుక," అంది.

ఆ వెంట్రుకను వేళ్లతో పట్టుకుని ఎండకు ఎత్తి చూశాను. టన్నున్నర బండిని, నా ఏడాది నిద్రను ఊపేసింది ఇంతేనా అనుకున్నాను. ఆ భగవంతుడు ఈ లోకాన్ని ఎంత సన్నటి కొలత మీద నిలబెట్టాడో కదా అనిపించింది.

"కొండ దిగాక ఏం చేస్తావు?" అని అడిగింది.

"అందరూ చేసేదే. బ్రేకులు బాగా కాగిపోయి ఉంటాయి కదా, ఊట దగ్గర ఆపి చక్రాల మీద నాలుగు బకెట్ల నీళ్లు కొడతాను."

"చెమటలు కక్కుతూ వచ్చిన గుర్రానికి వెంటనే నీళ్లు పడతావా?"

"చచ్చిపోదూ? ముందు చల్లారనివ్వాలి."

"మరి ఇనుమంటే అంత లోకువేంటి నీకు? కాగిన డిస్కు మీద మంచునీళ్లు కొడితే వంకరపోదా? ఎవడు నేర్పాడు నీకీ తెలివి?"

"మా నాన్న," అన్నాను. ఆ మాట అంటూనే ఆయన లారీ గుర్తొచ్చింది.

ఆమెకూ గుర్తొచ్చింది. నాన్న కథ ఈ ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

"లారీల బ్రేకు డ్రమ్ములకైనా అంతే," అంది గొంతు తగ్గించి.

రెండు డిస్కులూ లేతు మీదికి ఎక్కించింది. ఉల్లిపొర కన్నా సన్నగా ఇనుము రాలింది. మళ్లీ కొలిస్తే ముల్లు కదల్లేదు. బిగించి రోడ్డెక్కి బ్రేకు తొక్కితే స్టీరింగూ కదల్లేదు.

ఇంటికి వచ్చేసరికి నాన్న ఎండలో కూర్చుని గుర్రం కళ్లెం కుడుతున్నాడు. ఆయనకిప్పుడు డెబ్భై ఒకటి. సూదిలోకి దారం ఒక్కసారికే ఎక్కించాడు. ఇన్నేళ్లూ ఆ చేతుల్ని రోజూ చూస్తూ కూడా నేను చూడలేదు. చెబితే, లారీ మానేసి కూర్చున్న ఆయన పంతొమ్మిదేళ్లూ వృథా అని ముఖం మీద చెప్పినట్టే. అయినా మొత్తం చెప్పేశాను.

ఆయన సూదిని తోలుకు గుచ్చి పక్కన పెట్టాడు. రెండు చేతులూ ముందుకు చాపి చాలాసేపు చూసుకున్నాడు.

"ఆ లారీ నన్నెప్పుడూ మోసం చెయ్యలేదురా," అన్నాడు. "అందుకే తప్పు నాదే అనుకున్నా."

ఏడుస్తాడనుకున్నాను. నన్ను తిడతాడనుకున్నాను. ఆయన లేచి టోపీ దులిపి పెట్టుకున్నాడు.

"రేపు జనాన్ని ఎక్కించకు," అన్నాడు. "ఇద్దరమే పోదాం. కనుమ ఎక్కేదాకా నువ్వు తోలు. దింపేది నేను."