మూడో అంకం తర్వాత

నాటకం పుస్తకం చెల్లెలు ఏనాడూ తెరవలేదు. నాటకం అక్క వంతు, నవల, కవిత్వం తన వంతు. పగలంతా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషికి మూడూ చదివే తీరిక ఎక్కడిది? మంచం దిగలేని అక్కకి తీరిక తప్ప ఇంకేముంది? చెల్లెలికి ఇంగ్లీషు సాహిత్యం పేపరు ఇప్పటికే రెండుసార్లు తన్నేసింది. ఈసారీ పోతే మళ్ళీ రాయనివ్వరు. బళ్ళో టీచరు పని మీద ఆశ వదులుకుని ఆ ఆవిరిలోనే ముసలిదైపోవాలి.

సాయంత్రాలు చెల్లెలు కూర తరుగుతుంటే అక్క దిండుకి ఆనుకుని కథ చెప్పేది. ఒక లైట్‌హౌస్ కాపలాదారు, రోగిష్టి భార్య.

"మెట్లెక్కలేకపోతున్నావేం అని మొగుడు అడుగుతాడే. ఆవిడ ఏమంటుందో తెలుసా? నేను బాగానే ఉన్నాను, మెట్లే పెరిగాయి అంటుంది!"

అక్క నవ్వేది. నవ్వు దగ్గులోకి దిగేది. దగ్గు ఆగేదాకా చెల్లెలు కత్తి పట్టుకుని ఉల్లిపాయ వంక చూస్తూ కూర్చునేది. అక్క మొహం వంక చూడటం మానేసి చాలా కాలమైంది.

నాలుగో అంకంలో ఆ భార్య కోలుకుని రేవు పక్కన గుండీల దుకాణం పెట్టింది. ఐదో అంకంలో మొగుడే వచ్చి బేరమాడితే, "చొక్కా మార్చుకుని రండి, ఈ చొక్కాకి గుండీలు దండగ" అంది. ఈ రెండు అంకాలూ అక్క ఒక పట్టాన తెమల్చలేదు. రోజుకో కొత్త సంగతి వచ్చి చేరేది. చెల్లెలు ముచ్చటపడింది తప్ప అనుమానపడలేదు.

పరీక్ష హాలు బయట, కళ్ళజోడు అమ్మాయి ఒకతె గోడకి ఆనుకుని గొణుక్కుంటూ చదువుతోంది.

"గుండీల దుకాణం సీను అడుగుతారంటారా?" అంది చెల్లెలు మాట కలుపుతూ.

"దుకాణమా? మీరు ఏ నాటకం చదివారండీ బాబూ! ఆవిడ మూడో అంకంలోనే పోతేనూ. ఆ తర్వాతంతా ఆవిడ పుట్టింటి ఇల్లు ఎవరికన్న కొట్లాటేగా."

గంట మోగింది. చెల్లెలికి ముందు వచ్చింది దుఃఖం కాదు, కోపం. నా బతుకంతా ఈ ఒక్క పేపరు మీద ఉందని తెలిసి, పడుకున్న చోట కథలల్లుతావా? తన బెంచీ దొరికి కూర్చునేదాకా అక్కని మనసులో తిట్టిపోసింది. ఆ తిట్లలో ఒకచోట, పోతే పోయావు, అని కూడా వచ్చింది. అక్కడితో తిట్లు ఆగిపోయాయి.

ప్రశ్నపత్రం తిప్పింది. భార్య మరణం అనుకోనిదా, తప్పనిదా? మొదటి రెండు అంకాల ఆధారంగా చర్చించండి.

మొదటి రెండు అంకాలూ అక్క పొల్లు పోకుండా చెప్పింది. చెల్లెలు కలం కదిలించింది. తప్పనిదే. మెట్ల మాట రాసింది. దువ్వెనకి చిక్కిన జుట్టుని ఆవిడ గుప్పిట్లో దాచుకోవడం రాసింది. ఇంట్లో వాళ్ళందరికీ తెలుసు, తెలియనట్టుండటానికి ఎవరి పనిలో వాళ్ళు తలమునకలైపోయారు, అని రాసింది. అది నాటకంలో ఉందో వంటింట్లో ఉందో ఆగి చూసుకోలేదు. ఇంత ధారగా ఆమె ఎప్పుడూ రాయలేదు. అడిషనల్ షీటు కోసం చెయ్యెత్తినప్పుడు, తన ఉత్సాహం చూసి తనకే ఒళ్ళు జలదరించింది.

ఇంటికొచ్చేసరికి అక్క తలుపు వైపే చూస్తోంది.

"దుకాణం అడిగారా?"

"అడిగారు."

"ఏం రాశావు?"

"నువ్వు చెప్పినట్టే."

అక్క మొహం తెల్లబోయింది. "అయితే ఫెయిలైపోతావే, మొద్దూ! పొద్దున చెబుదామనే అనుకున్నాను. నోరు రాలేదే..."

చెల్లెలు చెప్పులు విప్పి గోడ వారగా పెట్టింది. అవసరం లేకపోయినా వంగి, వాటిని సరిగ్గా జతచేసింది.

"ఫెయిలవనులే అక్కా. మొదటి రెండు అంకాలే అడిగారు."

అక్క దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"బాగా రాశావా?" అంది చివరికి.

చాలా కాలానికి చెల్లెలు ఆ మొహంలోకి చూసింది.

"బాగా రాశాను."