తొడుగు లోపల

"నువ్వు లేకపోతే ఈ ఇంట్లో సాక్సుల జత కూడా దొరకదు, తెలుసా!" అన్నాడు మా ఆయన, ఆరిన బట్టల కుప్ప నా ఒళ్లోకి తోస్తూ. పొగుడుతున్నాననుకున్నాడు పాపం. వెనకనుంచి అత్తగారు అందుకున్నారు. "ల్యాబులోనూ అదేగా అమ్మాయి చేసేది! ఏరడం, సర్దడం."

నవ్వొచ్చింది. ఆవిడ తెలియక అన్నా నిజమే అన్నారు. కణం తన పైపొర మీదున్న రిసెప్టర్లలో, అంటే బయటి సరుకుని పట్టుకునే ప్రోటీన్లలో, కొన్నింటిని ఆ సరుకుతో సహా లోపలికి లాక్కోవాలి. అక్కడ పొర గుంటపడి, చుట్టూ తొడుగు కట్టుకుని, చిన్న సంచిలా తెగి లోపలికి వెళ్తుంది. మైక్రోస్కోపులో ఆ తొడుగు అల్లిక ఎంత ముచ్చటగా ఉంటుందో! అందరి కళ్లూ దానిమీదే. కానీ ఏ రిసెప్టరు సంచిలోకి రావాలో చూసి, కణం లోపలికి వేలాడే దాని తోక పట్టుకుని తొడుగుకి అప్పజెప్పే ప్రోటీన్లు వేరే ఉన్నాయి. ఇంటెడు చాకిరీ ముగించుకుని పరిగెత్తుకొచ్చి, వాటిలో ఒకదాని వెంట పడ్డాను నేను.

మా ల్యాబులో సీనియరు ఒకాయన ఉన్నాడు. కణాల్లోంచి ఆ ప్రోటీను తీసేసి ముందు చూసింది ఆయనే. "తొడుగు నిక్షేపంలా కట్టింది. దీంతో పనేం లేదమ్మా, వదిలెయ్" అని చేతులు దులుపుకున్నాడు. నాకు మనసొప్పలేదు. ఇల్లు నిక్షేపంలా నడిచిపోతుంటే వెనక ఎవరూ ఏమీ చెయ్యట్లేదనుకోవడం నాకు బాగా తెలిసిన పొరపాటు. ఆ ప్రోటీను ఏరాల్సిన రిసెప్టర్లకి రంగు తగిలించి, సంచుల లోపలికి చూశాను. తొడుగులున్నాయి, సంచులున్నాయి, నా రిసెప్టరు మాత్రం ఒక్కటీ లేదు. అన్నీ పైపొర మీదే, దిక్కుతోచనట్టు నిలబడి ఉన్నాయి. ప్రోటీను తిరిగి ఇచ్చి చూశాను. బుద్ధిగా లోపలికి వెళ్లాయి. అబ్బ, ఆ మధ్యాహ్నం గంతులెయ్యాలనిపించింది!

ఇవాళ ప్రొఫెసరుగారు గదికి పిలిచారు. బల్ల మీద నేను తీసిన బొమ్మలే పరిచి ఉన్నాయి.

"సదస్సులో దీని గురించి సీనియరు మాట్లాడతాడమ్మా. చివర్లో నీ పేరు చెప్తాడులే. ఊరుకాని ఊరు, నీకేమో ఇల్లు, పిల్లలు. మొన్న గేటు దగ్గర మీ ఆయన కూడా అన్నారు, ఆవిడకి ప్రయాణాలు పడవండీ అని."

నాకు ప్రయాణాలు పడవట! ఒళ్లు మండిపోయింది. నన్నొక్క మాట అడక్కుండా నా తరఫున జవాబిచ్చేశాడా మహానుభావుడు? అరుద్దామనుకున్నాను గానీ, అవసరం కనిపించలేదు. ఆ ఫలితం నాది. దాని మీద ఎవరేం అడిగినా జవాబు నా దగ్గరుంది.

"నేనే మాట్లాడతాను సార్. టికెట్ నా పేరున తీయించండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సరే, సరే. కోపం తెచ్చుకోకు. ముందు ఇంట్లో ఒక మాట అడిగి రామ్మా."

"ఇంట్లో అడగను సార్," అన్నాను కుర్చీలోంచి లేస్తూ. "చెప్తాను."