పుక్కిట నీళ్లు

పుక్కిట నిండా నీళ్లతో జమున పరుగెత్తుతోంది. కాళ్ల కింద ఉన్నది వాళ్ల ఊరి కాలువ గట్టే, కానీ మొరం కనిపించకుండా దాని మీద ఎవరో తునికాకులు పరిచారు. బీడీలు చుట్టడానికి నానబెట్టి, తడి గోనెలో చుట్టి పెట్టి తీసిన మెత్తటి ఆకులు. ఒక్కటి కూడా చిరగకూడదని ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలుసు, అందుకే మడమ ఆనించకుండా వేళ్ల మీదే పరుగెత్తుతోంది. వెలుగు తెల్లవారుజాముదో మునిమాపుదో తెలియడం లేదు. కాలువలో నీళ్లు ఆమెతో పాటు కొంత దూరం వచ్చి, ఏదో మరిచిపోయినట్టు ఆగి, మళ్లీ కదులుతున్నాయి. వెనక ఎవరో దగ్గుతున్నారు.

ఆ దగ్గు ఆమె తల్లి పోశవ్వది. పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే మనిషి దగ్గు, ముందు గొంతులో సన్నగా గీరుకుని, తర్వాత ఛాతీలోంచి బరువుగా వస్తుంది. పోయిన వానాకాలం ఆ దగ్గుతోనే ఊపిరాడక పోశవ్వ చనిపోయింది. ఆ సంగతి జమునకు కలలోనూ తెలుసు. తెలిసినా, చుట్టాలింట్లో పైకి అనకూడని మాటలా దాన్ని పక్కన పెట్టి పరుగెత్తుతోంది. దగ్గు ఎంత సన్నగా వినిపిస్తే తాను అంత దూరం వచ్చినట్టు. ఇంకాస్త సన్నబడి, వినిపించీ వినిపించనట్టు అయినప్పుడు వెనక్కి తిరగాలి. అది తల్లీబిడ్డల లెక్క.

తిరుగుతుంది. దూరంగా పోశవ్వ నడిచి వస్తోంది, ఆకుపచ్చ చీర కొంగు నడుముకు చెక్కుకుని, ఒక చేతిలో కుక్కలకు భయపడి పట్టుకున్న కర్ర, ఇంకో చేతిలో నీళ్ల సీసా. జమున ఆమె దగ్గరికి పరుగెత్తుకొచ్చి, కాళ్ల ముందు నీళ్లు ఉమ్ముతుంది. పోశవ్వ వంగి ఆ తడిని చూసి, కొంచెం తక్కువైనట్టుంది, దారిలో మింగినవా దొంగా అని ఎప్పటిలాగే అనుమానపడుతుంది. జవాబు చెప్పేలోగా సీసా నోటికి అందిస్తుంది. మళ్లీ పుక్కిట నీళ్లు, మళ్లీ పరుగు.

ఈ పద్ధతి మొదలైంది జమున తొమ్మిదో తరగతిలో. బడిలో పీఈటీ గంగాధర్ సారు ఆమెను క్రాస్ కంట్రీకి తయారు చేస్తానని, రోజూ పొద్దున్నే లేచి దూరం పరుగెత్తమని చెప్పాడు. చీకటి విడవకముందే ఆడపిల్లను ఒక్కదాన్ని గట్టు మీదికి ఎట్లా పంపుతామని తండ్రి గొణిగితే, నేను వెంట పోత అని పోశవ్వ అంది. ఆమె నడక బిడ్డ పరుగును అందుకునేది కాదు. అందుకని జమున ముందుకు పరుగెత్తి, వెనక్కి తల్లి దాకా వచ్చి, మళ్లీ ముందుకు పోయేది. ముక్కుతో ఊపిరి తీయడం అలవాటు కావాలంటే నోట్లో నీళ్లు పట్టి పరుగెత్తమని సారు అన్నాడు. సీసా పోశవ్వ చేతిలోనే ఉండేది కాబట్టి నీళ్ల కోసమూ వెనక్కి రావాల్సిందే. తల్లి ఒక్కసారి నడిచిన దారిని బిడ్డ పోతూ వస్తూ ఎన్నోసార్లు తొక్కేది. ఆకు తెచ్చుకోవడానికి పోయే ఆడవాళ్లు గట్టు మీద వాళ్లను చూసి, పోశవ్వ బిడ్డను తాడు లేకుండనే కట్టేసిందని నవ్వేవాళ్లు. పోశవ్వ కూడా నవ్వేది. కూర్చుని కూర్చుని మొద్దుబారిన ఆమె నడుముకు ఆ నడక ఒక్కటే సుఖం.

ఈసారి జమున ముందుకు పోతుంటే గట్టు వంపు తిరిగి, వంపు దాటాక గట్టు కాకుండా పోతుంది. అటూ ఇటూ సున్నం గీతలు, కర్రలకు కట్టిన రంగు గుడ్డలు, కోసేసిన మొక్కజొన్న చేను. ఇది జిల్లా పోటీ జరిగిన చోటు. పోశవ్వ చనిపోయాక జరిగిన పోటీ. ఇక్కడ ఏం జరుగుతుందో జమునకు తెలుసు, తెలిసీ ఆపలేక కాళ్ల వైపు చూస్తూ పరుగెత్తుతోంది.

ఆ రోజు అందరికన్నా ముందు ఉన్నది ఆమే. ముందు ఎవరూ లేరు, పక్కన ఎవరూ లేరు, వెనక అడుగుల చప్పుడు కూడా అందడం లేదు. అంత నిశ్శబ్దంలో ఆమె దగ్గు కోసం చెవి పెట్టింది. వినిపించలేదు. దగ్గు వినిపించకపోతే ఏం చేయాలో ఆమె తలకన్నా ముందు కాళ్లకు తెలుసు. చేను మధ్యలో గిరుక్కున తిరిగి, వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తింది. ఎదురుగా వస్తున్న పిల్లలు బెదిరి పక్కకు తప్పుకున్నారు. రెండో స్థానంలో ఉన్న తబస్సుమ్ అనే పిల్ల, ఏమన్న పడిపోయిందా, మల్ల ఎతుక్కుందువులే అని అరిచి దాటుకుని పోయింది. తాను ఏం చేస్తున్నదో జమునకు అర్థమయ్యేసరికి ఇంకొందరు దాటారు. నాలుగోదిగా వచ్చింది. జట్టులో చోటు మాత్రం ఎట్లాగో దక్కింది. గంగాధర్ సారు తిట్టలేదు. జట్కా గుర్రానికి కట్టినట్టు నీ కళ్లకు గంతలు కట్టాల్నా అని మాత్రం అడిగి, రాష్ట్రం పోటీలో ముందు వరుసలో వస్తేనే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు అని గుర్తు చేశాడు. సీటు రాకపోతే ఏమిటన్నది ఆయన చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం లేదు. పది అయిపోగానే తల్లికి ఇచ్చినట్టే చుట్టడానికి ఆకు బిడ్డకూ ఇవ్వమని తండ్రి అప్పటికే బీడీల సేటును అడిగి వచ్చాడు. పోశవ్వ చాట, కత్తెర ఆ పని కోసమే గోడకు ఆనించి ఉన్నాయి.

రాష్ట్రం పోటీ రేపే. లేకపోతే అయిపోయింది. కలలో ఆ రెండూ ఒకటే అయినట్టున్నాయి.

ఈసారి తిరిగి చూసేసరికి పోశవ్వ నడవడం లేదు. కాలువ తూము గోడ మీద కూర్చుని ఉంది, ఒళ్లో చాట ఉంది. దారిలో పరిచిన ఆకులనే ఒక్కొక్కటి ఏరుకుని, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కడుతోంది. జమున పరుగెత్తి వచ్చిన చోటల్లా ఆకు లేచిపోయి మట్టి బయటపడుతోంది. బిడ్డ తన ముందు నీళ్లు ఉమ్మితే పోశవ్వ చూసి తల ఊపుతుంది. కానీ ఉమ్మినా జమున పుక్కిట మళ్లీ నీళ్లే ఉన్నాయి. ఎంత ఉమ్మినా ఉన్నాయి. గోరువెచ్చగా, కొంచెం తంబాకు వాసనతో.

పోశవ్వ తీరిగ్గా ఇంటి సంగతులు అడుగుతుంది. నాయిన వేళకు తింటున్నాడా, రాత్రి జొన్న గటక మిగిలితే పొద్దున పారబోస్తున్నారా, తన కత్తెర ఎవరైనా అడిగి తీసుకున్నారా, ఇస్తే మళ్లీ తెచ్చిచ్చారా. జమున కళ్లతో, తలతో జవాబు చెబుతుంది. సారు ఇచ్చిన బూట్లు ఇంకా వదులుగానే ఉన్నాయా, ముందు గుడ్డముక్క కుక్కుకుంటున్నావా అని అడిగి, బూట్లు లేని తన పాదాల వైపు బిడ్డ చూస్తే, నాకెందుకే, నేనేం పందేనికి పోవాల్నా అని నవ్వుతుంది. ఆ నవ్వు దగ్గుగా మారుతుంది. దగ్గి దగ్గి ఆమె చాట మీదికి వంగిపోతే జమునకు పట్టుకోవాలని ఉంటుంది, కానీ ఒళ్లో చాట అడ్డం. చిన్నప్పుడు కూడా అట్లాగే ఉండేది. ఆ ఒళ్లో తల పెట్టుకోవడానికి ఎప్పుడూ చోటు దొరికేది కాదు.

దగ్గు ఆగాక పోశవ్వ సీసాను తలకిందులు చేసి చూపిస్తుంది. ఒక్క చుక్క కూడా రాదు.

"నీళ్లు అయిపోయినయ్. ఇగ నీ నోరు ఖాళీగనే ఉన్నది గదా. అడుగు, ఏం అడుగుతవో."

నిజంగానే నోరు ఖాళీగా ఉంది. ఉన్నట్టుండి ఖాళీ అయిన నోట్లో నాలుక ఎక్కడ పెట్టుకోవాలో జమునకు తెలియదు.

"అవ్వా, ఆ రోజు నేను ఎనుకకు ఎందుకు మర్లిన?"

పోశవ్వ తల ఎత్తదు. చుట్టిన బీడీకి దారం కట్టి, కొసను పంటితో తెంపుతుంది.

"నేను నేర్పిన గనుక."

తర్వాత చెప్పుకొస్తుంది, చాటలోకి చూస్తూ, బీడీ బీడీకీ మధ్య ఆగుతూ. నీళ్ల ముచ్చట మొదట్లో కొన్నాళ్లకేనని సారు అన్నాడట. ఊపిరి కుదురుకున్నాక ఆపేసి, పిల్లను గట్టు చివరిదాకా ఒక్క ఊపున పోనీయమన్నాడట, సగం దారి నుంచి వెనక్కి పిలవొద్దన్నాడట. ఒకసారి ఆకు కోసం పోతుంటే రోడ్డు మీద బండి ఆపి మరీ చెప్పాడట.

"నాకెందుకు చెప్పలే?"

"పొయ్యేటప్పుడు నీ ఈపే కనవడ్తది బిడ్డా. ఒచ్చేటప్పుడే మొకం."

కాలువ నీళ్లు ఆగి ఉన్నాయి. జమున తల్లి చేతుల వైపు చూస్తుంది, అవి ఆగడం లేదు. ఆ చేతులను పట్టుకుని ఆపాలనీ, ఆ చాటను కాలువలో విసిరేయాలనీ ఉంది. ఇంట్లో ఎవరి మీదా ఎప్పుడూ రానంత కోపం వస్తోంది, అది కోపమేనా అని కూడా అనుమానంగా ఉంది.

"నీ వల్లనే నేను ఓడిపోయిన."

కాదంటుందని ఎదురుచూస్తుంది. ఏడుస్తుందని కూడా.

"ఔ," అంటుంది పోశవ్వ, ఇంకో ఆకు తీసుకుంటూ.

వెలుగు కొంచెం తగ్గిందో పెరిగిందో, అవతలి గట్టు కనిపించకుండా పోయింది. జమున వచ్చి తల్లి పక్కన తూము గోడ మీద కూర్చుంటుంది. కూర్చుంటే భుజానికి భుజం ఆనాలి, కానీ ఆనదు, ఎంత జరిగినా మధ్యలో జానెడు ఖాళీ ఉంటుంది. పాత రోజుల్లో, తిరుగుదారిలో ఇక్కడే కాసేపు కూర్చుని, నానబెట్టిన శనగలు కొంగులోంచి తీసి పెట్టేది పోశవ్వ, తాను తినేది కాదు, పళ్లు నొప్పి అనేది. ఇప్పుడు కొంగులో ఏమీ లేదు. జమున ఆ కొంగు వైపు చూడటం కనిపెట్టి, దాన్ని ఇంకొంచెం బిగించి చెక్కుకుంటుంది.

"రేపు గూడ మర్లుతనేమో," అంటుంది జమున. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, సారుతో కూడా.

"మర్లుతవేమో. కాళ్లు నేర్సుకున్నయ్ గద, అంత జల్ది మర్సిపోతయా?" అని, ఆమె మొదటిసారి చేతులు ఆపి బిడ్డ మొహం వైపు చూస్తుంది. చాలా సేపు చూస్తుంది, కొలత తీసుకుంటున్నట్టు. "కానీ నువ్వు మర్లినా నేనుండ. గదొక్కటి యాది పెట్టుకో."

"ఇప్పుడు ఉన్నవ్ గద."

"ఇప్పుడున్న," అని పోశవ్వ తన చేతులను అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంది, ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న వస్తువుల్లా. "ఇగ పో. ఆకు ఆరిపోతది."

జమున లేచి పరుగెత్తుతుంది. నోట్లో నీళ్లు లేవు, అయినా పెదవులు బిగించి ముక్కుతోనే ఊపిరి తీస్తోంది. కాళ్ల కింద ఇప్పుడు ఆకులు లేవు, అన్నీ పోశవ్వ చుట్టేసింది, ఉత్త మట్టి చల్లగా తగులుతోంది. వెనక దగ్గు. ఎంత దూరం పోయినా అది అంతే దగ్గరగా వినిపిస్తోంది, ముసలితనం రాకుండానే ముసలిదైన ఆ మనిషి కూడా వెనకే చీర ఎత్తిపట్టి పరుగెత్తుతున్నట్టు, చెయ్యి చాస్తే జడ అందేటంత దగ్గరగా. వీపు మీద చూపు ఆనినట్టు తెలుస్తోంది. తన వీపే కదా ఆమెకు కనిపించేది, ఎట్లా ఉంటుందో ఆ వీపు, తాను ఎన్నడూ చూసుకోనిది.

తర్వాత దగ్గు సన్నబడుతుంది. మెడ తిరగబోతుంది, భుజం తిరగబోతుంది, నడుము దాకా వచ్చిన ఆ తిరుగుడును జమున కడుపు బిగించి ఆపుతుంది. ఇంకా సన్నబడుతుంది. ఎప్పుడూ తిరిగే చోటు వచ్చింది, దాటిపోయింది. ఇంతకన్నా అవతల గట్టు ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు, ఏ పొద్దూ ఇక్కడిదాకా రాలేదు. చెట్టు లేదు, చేను లేదు, తెల్లగా ఏదో ఉంది. అది మంచు కావచ్చు. వినిపించేది దగ్గో, తన అడుగో, రెండూ కలిసిపోయి ఒకటే చప్పుడు అవుతాయి, ఆ చప్పుడు కూడా పోయి, ఏమీ వినిపించని చోట ఆమె ఒక్కతే పరుగెత్తుతోంది, కాళ్లు అడుగుతున్నాయి, కాళ్లు బతిమాలుతున్నాయి.

మెలకువ వచ్చేసరికి కిటికీ ఊచల అవతల తెల్లవారుతోంది. రాష్ట్రం పోటీ ఈ రోజే. తెలియని ఊరు, తెలియని బడి, తరగతి గదిలో నేల మీద వరుసగా చాపలు, వాటి మీద జిల్లా జట్టు పిల్లలు. ఎక్కడో బకెట్టులో నీళ్లు పడుతున్న చప్పుడు. పక్క చాప మీద తబస్సుమ్ కూర్చుని జుట్టు ముడి వేసుకుంటూ, జిల్లా పోటీ నాటి నుంచీ ఇద్దరికీ మధ్య ఉన్న చనువుతో గొణుగుతోంది.

"రాత్రంత నీ కాళ్లు నా మొకం మీదనే. పండుకునేటప్పుడు తల బోర్డు దిక్కుండె గద. ఎప్పుడు మర్లినవే?"

జమున మోచేతి మీద లేచి చూసుకుంటుంది. నిజమే. తల గుమ్మం వైపు ఉంది, పాదాలు నల్లబల్ల వైపు ఉన్నాయి. నిద్రలో ఎప్పుడో పూర్తిగా వెనక్కి తిరిగింది. తల ఉండాల్సిన చోట మడత పెట్టిన తువ్వాల అట్లాగే ఉంది, దాని మధ్యలో తల ఆనిన గుంట ఉంది. ఆమె ఆ గుంట వైపు చూస్తుంది. ముందుకు వంగి చెయ్యి చాచి తడుముతుంది. చల్లగా ఉంది. దాని వెనక నల్లబల్ల, నల్లబల్ల మీద ఎవరో సగం తుడిచి వదిలేసిన లెక్క. అక్కడ ఇంకెవరూ లేరు.

తబస్సుమ్ బూట్ల తాళ్లు కట్టుకుని, వస్తున్నవా లేదా అని గుమ్మం దగ్గర నిలబడి రెండోసారి పిలిచేదాకా ఆమె అటే చూస్తుంది. తర్వాత తువ్వాల తీసి దులిపి, భుజం మీద వేసుకుంటుంది.