ఆడబిడ్డకు మొదటి పిలుపు

మా ఆయన మల్లేశయ్య మన్నెగూడలో ప్లాట్లు అమ్మిస్తాడు. మా ఇబ్రహీంపట్నం వైపు భూమి ధరలకు రెక్కలొచ్చిన నాటి నుంచి ఆయనకు నోరే తప్ప చెవులు లేవు. నేనొక మాట మొదలుపెడితే అది పూర్తయ్యేలోపు ఫోన్ మోగుతుంది, ఆ మాట అక్కడే చస్తుంది.

అలాంటి మనిషి కూతురి పెళ్లికి చుట్టాలను పిలవడానికి ఊరూరా తిరుగుతాడా? మా కొడుకు రితేష్ ఉపాయం చెప్పాడు. ఆదిబట్లలో కంప్యూటర్ కొలువు వాడిది.

"బాపూ, నువ్వు జరసేపు మాట్లాడు, చాలు. కంప్యూటర్ నీ గొంతు నేర్చుకుంటది. నీ ఫోన్ల ఉన్నోళ్లందరినీ పేరు పెట్టి పిలుస్తది. వాళ్లేమన్న అంటే జవాబు గూడ అదే చెప్తది. ఇగ ముందటికి అందరు గిట్లనే పిలుస్తరు."

"ముందటికి పెళ్లిళ్లకు గూడ మిషన్లే వస్తయేమో. మరి పప్పన్నం ఎవలు తింటరురా?" అన్నాను నేను. "ఆడబిడ్డను మాత్రం మిషన్‌తోని పిలిస్తే ఊకోను. మొదటి పిలుపు ఆమెది. చీర పట్టుకొని ఇంటికి పోవాలె."

"ఆదివారం పోదాం తియ్యవే," అన్నాడు మా ఆయన. అక్క అనంతమ్మ నంబరు తీసెయ్యమని కొడుక్కి చెప్పాడు. వాడు తీసేశాడు కూడా. ఆమె భర్త బిక్షం నంబరు ఇంకా ఫోన్లోనే ఉందని ఎవరికీ తట్టలేదు. ఆయన పోయి ఏడాదైనా తిరగలేదు.

సాయంత్రం రితేష్ మురిసిపోతూ ఫోన్లో రికార్డైన అందరి జవాబులూ వినిపించాడు. నాదర్‌గుల్ చుట్టాలు అది మా ఆయనే అనుకొని పరాచికాలాడారు. మేం పడీ పడీ నవ్వాం. అంతలో బిక్షం నంబరు నుంచి అనంతమ్మ వదిన గొంతు వచ్చింది.

"ఎవలు?"

"బిక్షం బావా, నేను మల్లేశయ్యను. మా హిమజ పెళ్లి. అక్కను తోలుకొని జంటగ రావాలె."

"తమ్మీ, నేనురా, అక్కను. బావ యాడున్నడురా?"

"ఫికర్ చెయ్యకక్కా. బావ ఎప్పుడొస్తే అప్పుడే తోలుకొని రా."

వదిన ఏడ్చింది. "ఊకో అక్కా. చెప్పు, ఇంటున్న," అన్నది ఆ గొంతు. ఆమె చెప్పుకుంటూ పోయింది. ఒక్కతే కూర్చుంటే తినబుద్ధి కావడం లేదట. బావ చెప్పులు ఇంకా గడప పక్కనే ఉన్నాయట. ఆ గొంతు ఒక్కసారి కూడా ఆమెకు అడ్డం రాలేదు.

హిమజ లేచి లోపలికి వెళ్లిపోయింది.

"థూ, మన బతుకులు చెడ! బావ పాడె మోసినోని గొంతుతోని బావను పెళ్లికి పిలిపిస్తిమి!" అన్నాను. మా ఆయన ముఖం నల్లబడింది.

మరునాడు పొద్దున్నే చీర పట్టుకొని వదిన ఊరు రావిర్యాల పోయాం. వదిన మంచినీళ్లు ఇచ్చి కూర్చోమంది. తిడుతుందేమోనని చూశాను. తిట్టినా బాగుండేది. ప్లాటు చూపించేటప్పుడు ఆగకుండా వాగే మనిషి, అక్క ముందు చీర మడతలు సర్దుతూ కూర్చున్నాడు. చివరికి రితేషే నోరు తెరిచాడు.

"అత్తా, మాఫ్ చెయ్యి. నిన్న మాట్లాడింది బాపు గాదు. మిషను."

"ఎరుకే బిడ్డా."

"ఎట్ల ఎరుక?"

"జంటగ రమ్మన్నప్పుడు, బావ పోయిన సంగతే మర్చిపోయిండేమో అనుకున్న. పానం మస్తు కష్టపడ్డది. గని నేను చెప్పుకుంటపోతే ఊకున్నది సూడు, గప్పుడు ఎరుకైంది. నా తమ్ముడు నా మాట గంతసేపు ఎన్నడన్న ఇన్నడా?" వదిన కొంగుతో ముఖం తుడుచుకుంది. "మిషనని ఎరుకైనా ఫోన్ పెట్టబుద్ధి గాలే."

మా ఆయన తల దించుకొని ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. నా ముఖం మాత్రం ఎక్కడ పెట్టుకోను?

"చెప్పక్కా," అన్నాడు కాసేపటికి. "నాకు చెప్పు. నేను వింట."

వదిన చాప మీద సర్దుకొని కూర్చుంది. బావ ఆఖరి దినాల్లో దవాఖానలో ఏం తింటానన్నాడో, ఎవరెవరిని అడిగాడో చెప్పడం మొదలుపెట్టింది. అంతలో మా ఆయన జేబులో ఫోన్ మోగింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. అయినా వదిన అలవాటు కొద్దీ మాట ఆపేసింది.

"మాట్లాడు తమ్మీ, ప్లాటోళ్లేమో," అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.