దొరకని పుస్తకాల జాబితా

నరసరావుపేట పీజీ సెంటరు లైబ్రరీలో కంప్యూటరు దిగిన రోజున దానికి పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరినీళ్లు దాని నెత్తిన పోయలేదు, అదే పదివేలు. ఆ గదికి ఏసీ పెట్టించారు గనక చెప్పులు బయట విప్పి లోపలికి రావాలన్నారు. లైబ్రేరియన్ బ్రహ్మానందం ముప్ఫై ఏళ్లుగా పుస్తకాల మధ్య చెప్పుల కాళ్లతోనే తిరిగిన మనిషి. "సరస్వతికి లేని మడి ఈ పెట్టెకెందుకయ్యా?" అని గొణిగాడు. గొణిగాడే గానీ, అందరికంటే ముందు విప్పింది ఆయనే.

అది ఎనభై ఆరు నాటి మాట. పుస్తకాలు పంతొమ్మిది వేలు. యూనివర్సిటీ నుంచి దేవదాసు అనే ప్రోగ్రామరు వారానికి మూడు రోజులు బస్సెక్కి వచ్చేవాడు. స్టాకు రిజిస్టరు ముందేసుకుని బ్రహ్మానందం చదవడం, దేవదాసు కొట్టడం. కరెంటుంటే పని, పోతే టీ. ఒక్కోసారి పొద్దుటి నుంచి కొట్టిందంతా కరెంటుతో పాటే పోయేది. మళ్లీ మొదటి నుంచీ చదవాల్సిందే. రెండేళ్లకు ఎలాగో పూర్తయింది. ఇక పుస్తకానికొకటి చొప్పున రాసిపెట్టిన కార్డులతో పనేముందని, కార్డుల బీరువాని తీసుకెళ్లి స్టోరు గదిలో గోడవైపు తిప్పి పెట్టారు.

తర్వాత అసలు తతంగం మొదలైంది. కంప్యూటరు అచ్చువేసిన జాబితా చేత్తో పట్టుకుని, బీరువాల ముందు నిలబడి, పుస్తకం వీపు మీద నంబరు చూసి టిక్కు పెట్టడం. వేసవి సెలవుల్లో గుమాస్తాలు ఆ పని ముగించారు. టిక్కు పడనివి రెండువందల ఎనభై ఆరు తేలాయి. అన్నీ తెలుగువే, అన్నీ సన్నపాటి పుస్తకాలే. ఇంకో విచిత్రం, అవన్నీ డెబ్భై రెండు, డెబ్భై మూడు సంవత్సరాల్లో బైండింగుకి వెళ్లినవి. బైండింగు రిజిస్టరు తెరిచి చూస్తే, ఇచ్చినవి నలభై అని ఉన్నచోట తిరిగొచ్చినవి పద్నాలుగని ఉంది. ప్రతి పేజీ అంతే. కింద బ్రహ్మానందం పొడి సంతకం.

బైండరు నూర్ మొహమ్మద్‌ని పిలిపించారు. కోర్టు వీధిలో కొట్టు అతనిది. లైబ్రరీ పుస్తకాలే కాదు, కోర్టు రికార్డులూ బడి రిజిస్టర్లూ కుట్టేవాడు. సెంటరుకి పెద్దయిన స్పెషలాఫీసరు తన గదిలో లెక్చరర్లందరి ముందూ అడిగాడు. "నలభై తీసుకుని పద్నాలుగిచ్చావు. మిగతావేం చేశావయ్యా?"

నూర్ మొహమ్మద్ బ్రహ్మానందం వైపు చూశాడు. "ఈ సారు చెప్పినట్టే చేశా సారూ."

బ్రహ్మానందానికి ఒళ్లు మండిపోయింది. వీడు దొంగతనం చేసి తనను కూడా అందులోకి లాగుతున్నాడనుకున్నాడు. డిసెంబరులో రిటైరు కావలసిన మనిషికి ఇలాంటి మాట ఎంత భయమో! "నేను చెప్పానా? పుస్తకాలు మాయం చెయ్యమని నేను చెప్పానా?" అని కేక పెట్టాడు. స్పెషలాఫీసరు, "సారు మీదికి తోస్తావా? పో బయటికి!" అన్నాడు. నూర్ మొహమ్మద్ ఇంకేదో చెప్పబోయి, చుట్టూ ఉన్న మొహాలు చూసి, చెప్పకుండానే వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం బ్రహ్మానందం, పుస్తకాలు బైండరు దగ్గరే పోయాయని కాగితం రాసి సంతకం పెట్టాడు. మాట ఆ గదిలో ఆగుతుందా? వారం తిరక్కుండా బజారంతా పాకింది.

మూడు నెలలు గడిచాయి. కంప్యూటరు జాబితా ప్రారంభోత్సవానికి ముహూర్తం కుదిరింది. ఇంకో వారం ఉందనగా ఒక ఎమ్మే విద్యార్థిని మాచర్ల చుట్టుపక్కల గుళ్ల మీద ఎవరో రాసిన చిన్న పుస్తకం కావాలని వచ్చింది. జాబితాలో దానికి ఎదురుగా గుర్తు లేదు. "అది లేదమ్మా, పోయింది," అన్నాడు బ్రహ్మానందం.

బల్లలు తుడుస్తున్న రూతమ్మ తలెత్తింది. ఆ లైబ్రరీ తెరిచిన నాటి నుంచి అటెండరు పని ఆమెదే. అక్షరమ్ముక్క రాదు. "గుళ్ల పుస్తకమా? వెనకమాల బొమ్మలుంటై, అదేనా?" అని లోపలికి వెళ్లి, నీలం గుడ్డ బైండు వేసిన లావు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. సరిగ్గా మధ్యలో తెరిచింది. "ఇదిగో. దీని కడుపులో నాలుగున్నై."

బ్రహ్మానందం పేజీలు తిప్పాడు. ఒకే అట్టలో నాలుగు పుస్తకాలు. వీపు మీద మాత్రం మొదటిదాని నంబరొక్కటే. లేచి స్టోరు గదిలోకి వెళ్లి, ఆ బరువైన బీరువాని ఆయాసపడుతూ ఒక్కడే ఇటు తిప్పి, సొరుగు లాగి ఆ పుస్తకం కార్డు తీశాడు. వెనక పెన్సిలుతో రాసి ఉంది, ఫలానా పుస్తకంతో కలిపి కుట్టబడినది అని. చేతిరాత తనదే. టిక్కు పడని మిగతావాటి కార్డులూ తీసి చూశాడు, అన్నిటి వెనకా అదే మాట.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రెండేళ్లూ యూనివర్సిటీ వారు ఏడాదికి ఇన్ని బైండ్లేనని కోత పెట్టారు. సన్న పుస్తకాలేమో చెదపురుగుల పాలవుతున్నాయి. "మూడేసీ నాలుగేసీ కలిపి కుట్టెయ్ నూరూ, లెక్కలో ఒకటే అవుతుంది," అన్నది తనే. ఎంత తెలివైన పని చేశానని మురిసిపోయింది కూడా తనే. తర్వాత కోత ఎత్తేశారు, ఆ పద్ధతి పోయింది, తను మరిచిపోయాడు. ఛీ, ఏం మతిమరుపు! మరిచిపోతే పోయె, మనిషి ఎదుట నిలబడి 'మీరు చెప్పినట్టే చేశా' అంటే కూడా ఆలోచించలేదు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు రూతమ్మా?"

"నన్నెవురడిగారు సారూ? లిస్టన్నారు, ఇంగిలీషన్నారు. ఏ పుస్తకాలు పోయినయ్యో నాకేం తెలుసు?"

దేవదాసు విని నవ్వేశాడు. "ఇంతేనా సార్? రెండు రోజుల్లో సరిచేసేస్తా. కొత్త జాబితాలో పోయినవి సున్నా అని వస్తుంది. పాత జాబితా చించేద్దాం. మీ దాకా ఏదీ రాదు."

ఎంత తేలికగా అన్నాడు! బ్రహ్మానందానికి నిజంగానే ప్రాణం లేచొచ్చింది. ఆ ఒక్క పూట హాయిగా అన్నం తిన్నాడు కూడా. జాబితా అయితే దిద్దొచ్చు, మరి బజార్లో మాటనెవరు దిద్దుతారు అన్న సంగతి మర్నాడు పొద్దున కోర్టు వీధి మీదుగా నడుస్తుంటే తట్టింది. నూర్ మొహమ్మద్ కొట్టు తెరిచే ఉంది. ఎప్పుడూ దొంతరలు దొంతరలుగా రిజిస్టర్లుండే బల్ల మీద పాత క్యాలెండరొకటి ఉంది, అంతే. జిగురు గిన్నె బోర్లించి ఉంది.

బ్రహ్మానందం మెట్టెక్కి నిలబడి ఉన్నదంతా చెప్పాడు. "తప్పు నాది నూరూ. చానా పెద్ద తప్పు," అన్నాడు.

నూర్ మొహమ్మద్ కూర్చోమనలేదు. భార్య మాబున్నీసా లోపలి తలుపు దగ్గరికొచ్చి వింటోంది. "ఇక్కడ నాకు చెబితే ఎవురికి వినపడుద్ది సారూ?" అన్నాడతను. "కోర్టోళ్లు కాగితాలియ్యటం మానేసిండ్రు. దొంగన్నది పదిమందిలో గదా. నాకు తెలవదా ఏంది, నేను దొంగని కాదని? తెలవాల్సింది వాళ్లకి."

"బుధవారం మీటింగుంది. రా," అన్నాడు బ్రహ్మానందం. అతను తలుపు దగ్గరున్న మాబున్నీసా వైపు చూశాడు.

బుధవారం యూనివర్సిటీ పెద్దలు వచ్చారు. ఊళ్లో వకీళ్లు, కోర్టు ఉద్యోగులు, హెడ్మాస్టర్లు, వర్తకులు, హాలు నిండా జనం. కంప్యూటరు వల్ల ఎంత మేలో చెప్పమని బ్రహ్మానందాన్ని లేపారు. ఆయన నీలం బైండు పుస్తకం చంకన పెట్టుకుని మైకు దగ్గరికెళ్లాడు.

"ఈ యంత్రం మంచిదే. మనం చెప్పిందే చెబుతుంది. నేను దానికి సగమే చెప్పాను," అన్నాడు. పుస్తకం తెరిచి, మధ్యలో దాగిన మూడింటినీ ఒక్కొక్కటే చూపించాడు. "రెండువందల ఎనభై ఆరూ ఇలాగే ఉన్నాయి. ఒక్కటి కూడా గడప దాటలేదు. కలిపి కుట్టమన్నది నేను. మరిచిపోయింది నేను. నూర్ మొహమ్మద్ తీశాడని సంతకం పెట్టింది నేను. ఆయన కుట్టిన కుట్టు పదహారేళ్లయినా ఊడలేదు. నా మాటే ఊడింది. అందరి ముందూ క్షమించమని అడుగుతున్నాను."

స్పెషలాఫీసరు వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగుతూనే ఉన్నాడు. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వచ్చిన పెద్దాయన మొహం ముడుచుకుని, సంజాయిషీ అడగండి అని మెల్లగా అన్నాడు. ఇక డిసెంబరులో రిటైర్మెంటు, పింఛను వ్యవహారం ఏమవుతుందో బ్రహ్మానందానికి అర్థమైపోయింది. భయమేసింది. అయినా గుండెల మీద నుంచి రాయి దింపినట్టుంది.

సభ ముగిసి బయటికొచ్చేసరికి మెట్ల పక్కన నూర్ మొహమ్మద్ నిలబడి ఉన్నాడు. "విన్నావా నూరూ?" అన్నాడు బ్రహ్మానందం.

"మూణ్ణెల్ల నుంచి మా ఇంటామె నీళ్లకి పంపు కాడికి అందరూ పోయొచ్చినాక పోయేది సారూ," అన్నాడు నూర్ మొహమ్మద్. కళ్లు తుడుచుకున్నాడు. "ఇయ్యాల అందరితో పాటే పోద్ది."