సారమ్మ తొందరలో కొన్న కోటు

శనివారం పొద్దున హాస్టలు పిల్లలకు ఉప్మా వడ్డించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ సారమ్మ మండిబజారుకు బయలుదేరిందంటే, మిషను కాంపౌండులో సగంమంది ఆడవాళ్లు చేతిలో పని చేతిలోనే పడేసి ఆమె వెంట పడేవాళ్లు. సారమ్మ పాతబట్టలు కొంటుంటే చూడడం ఒక తమాషా. పక్కన నిలబడితే తమకూ ఒకటి మంచిది దొరక్కపోతుందా అని ఆశ కూడానూ.

దుకాణం కరీముద్దీన్‌ది. జాగీర్లు పోయినప్పటి నుంచి హైదరాబాదు నవాబుల దేవిడీల్లో పెట్టెలు ఖాళీ అవుతూనే ఉన్నాయి. షేర్వానీలు, కోట్లు, శాలువాలు, రైల్వేవాళ్ల పంట్లాలు, అన్నీ మూటలు మూటలుగా రైలెక్కి వచ్చి కరీముద్దీన్ చాప మీద గుట్టపడేవి.

ఆ బట్టలతో ఒకటే చిక్కు. తొడిగినవాడి అలవాటు ఎంత ఉతికినా పోదు. వరంగల్లో ఇది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి దాని గురించి ఎవరూ వింతగా మాట్లాడుకునేవాళ్లు కాదు, మోసపోయినప్పుడు తిట్టుకునేవాళ్లు, అంతే. సారయ్య కొన్న అంగీ ఏదో టాంగావాలాది. పెండ్లాం ఎదురొస్తే చాలు, నాలుకతో టక్ టక్‌మనిపించి "హటో!" అనేవాడు. పాపం, కొన్నాళ్లు అక్కగారింట్లో తిన్నాడు. నర్సయ్య పంట్లాం రైలు గార్డుది. కూత వినబడితే ఉన్నవాడిని ఉన్నట్టే స్టేషనుకు ఈడ్చుకుపోయేది. సమ్మమ్మ ముచ్చటపడి తెచ్చుకున్న శాలువా ఎవరి అత్తగారిదో, అది కప్పుకున్నప్పుడల్లా కోడలి వంటింట్లో డబ్బాల మూతలు తీసి చూడబుద్ధయ్యేది.

వీళ్లంతా రంగు చూసి కొన్నవాళ్లు. సారమ్మ రంగు మొహమే చూసేది కాదు. పైపైన ఉన్నవి పదిమంది చూసి పారేసినవని, గుట్ట అడుగుకు చెయ్యి పోనిచ్చేది. బయటికి లాగింది లోపలికి తిరగేసి కుట్లు చూసేది, మెడపట్టీ వాసన చూసేది. తర్వాత జేబులో చెయ్యి పెట్టి ఊరుకునేది. చెయ్యి తనంతట తానే దేన్నో వెతకాలి. పొగాకు వెతికిందా, జపమాల వెతికిందా, పక్కవాడి జేబు వెతికిందా, అక్కడే సగం తెలిసిపోతుంది. ఆ సగమూ దాటితే, దాన్ని చీర మీదనే తొడుక్కుని కరీముద్దీన్ బల్ల మీద కూచుని ఒక చాయ్ తాగేది. ఎంత గడుసు బట్టయినా చాయ్ అయ్యేలోపు తన గుణం బయట పెట్టకుండా ఉండలేదు. చివరికి "ఎవలది?" అని అడిగి, కరీముద్దీన్ చెప్పింది తను అనుకున్నదానితో కలిస్తేనే కొనేది. పాస్టరు అయ్యగారి భార్యకు ఆమె ఏరి ఇచ్చిన స్వెట్టరు ఒక దాదిదట. ఎంత మొండిగా ఏడ్చే పిల్లయినా దాని భుజం మీద తల ఆనించగానే నిద్రపోయేది.

అంత పేరున్న సారమ్మ ఒక శనివారం ఎవ్వరికీ చెప్పకుండా, సగం పరుగున మండిబజారుకు పోయింది. కారణం తమ్ముడు దేవదానం.

దేవదానం మిల్లులో పనిచేస్తాడు. ఆ యంత్రాల మోతలో మాటతో పనిలేదు. పనిలేక పనిలేక అతనికి మాట్లాడే అలవాటే తప్పిపోయింది. బడిపంతులు జయరాజు బిడ్డ కృపమ్మ కాంపౌండు పక్క దవాఖానలో నర్సు. ఆ పిల్లను చూడడానికి దేవదానం లేని దగ్గు తెచ్చుకుని, ఎర్రమందు సీసాలకు సీసాలు తాగాడే గానీ ఒక్కరోజూ నోరు తెరిచి అడిగినవాడు కాదు. ఇప్పుడు కృపమ్మకు పరకాల దానియేలుతో సంబంధం కుదిరింది. వాళ్ల మిషను గుడిలో పెండ్లి ముందు వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. రెండు అయిపోయాయి. రేపు మూడోది. అదీ అయితే ఇక చేసేదేమీ లేదు.

ఈ సంగతి అతను అక్కకు చెప్పింది ఆ పొద్దున్నే, పొయ్యి దగ్గర కూచుని ఏడుస్తూ.

"ఓరి నీ నోరు పడ! ముందుగాల చెప్పద్దారా?"

"చెప్పుదామనే అనుకున్ననక్కా."

"ఎప్పుడు? దాని పిల్లల పెండ్లిల్లకా?"

దేవదానం ముక్కు చీదుకున్నాడు. సారమ్మకు గుండె తరుక్కుపోయింది. అమ్మ పోయినప్పటి నుంచి వాణ్ణి చంకనేసుకుని పెంచింది తనే. మాట రానివాడికి మాట కొనివ్వాలి, అంతకన్నా దారి లేదనుకుంది.

"కరీం భాయ్, జర మాటకారి కోటు ఏదన్న ఉన్నదా?" అంది రొప్పుతూ.

"ఎసొంటి మాట కావాలె చెల్లే? అమ్మేటిదా, తిట్టేటిదా?"

"పిల్లనడిగేటిది."

కరీముద్దీన్ గడ్డం గోక్కుని, రాత్రి వచ్చిన మూటలోంచి ఒక నల్లకోటు తీశాడు. సారమ్మ జేబులో చెయ్యి పెట్టిందో లేదో, చెయ్యి బయటికొచ్చి గాలిలో వేలు ఆడించింది. గొంతు దానంతటదే ఘనంగా సవరించుకుంది.

"ఇగో, ఇదే! కట్టియ్యి."

"ఆగు చెల్లే, చాయ్ చెప్పిన."

"చాయ్ తాగే పుర్సతు లేదు భాయ్, ఇయ్యాల పొద్దుగూకేలోపల పని గావాలె."

చాయ్ తాగకుండా, ఎవరిదని అడగకుండా సారమ్మ బట్ట కొని పోవడం కరీముద్దీన్ ఎన్నడూ చూడలేదు. రెండు చాయ్‌లూ తనే తాగాడు.

సాయంత్రం కోటు తొడిగి, తల దువ్వి, తమ్ముణ్ణి జయరాజు ఇంటికి తోసింది. తను గోడవతల నిలబడి చెవి పెట్టింది.

"ఏం పిలగా, ఇట్లొచ్చినవ్?" అన్నాడు జయరాజు.

కోటు గొంతు సవరించుకుంది. గోడవతల సారమ్మ కొంగు బిగించింది. కోటు దూలాలు చూసింది, జేబులో లేని గడియారం తీసి టైము చూసుకుంది, ఆవులించింది.

"దగ్గు తగ్గిందా?"

"తగ్గింది మామా," అన్నాడు దేవదానం.

కృపమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. ఇచ్చి, గడప దగ్గర చాలాసేపు నిలబడింది. దేవదానం చాయ్ తాగాడు, గ్లాసు కింద పెట్టాడు, వచ్చేశాడు.

సారమ్మ తిన్నగా మండిబజారుకు ఉరికింది. "ఎవలదయ్యా ఈ పాడు కోటు?"

"పొద్దున అడగకపోతివి. హన్మకొండ కచేరీ వకీలు సాబ్‌ది. కచేరీల పులి, ఇంటికాడ మూగోడు. బీవీతోని గూడ ఒక్క మాట మాట్లాడకపోవునట. ఆమె ఇడిసిపెట్టి పుట్టింటికి పోయినా అడగలేదంట."

సారమ్మ అక్కడే బల్ల మీద కూలబడి ఏడ్చింది. ఇన్నేళ్లూ ఊరందరికీ బట్టలు ఏరిపెట్టి, సొంత తమ్ముడి దగ్గరికొచ్చేసరికి తప్పు చేసింది. ఒక్క చాయ్ తాగుంటే తెలిసిపోయేది కదా అని తల కొట్టుకుంది. కరీముద్దీన్ ఈసారి చెప్పకుండానే చాయ్ తెప్పించాడు. సారమ్మ దాన్ని ముట్టకుండానే ఇంటికి పోయింది.

ఆదివారం చలి కొరికేస్తోంది. "కొననైతే కొన్నం, తొడుక్కో," అంది సారమ్మ నీరసంగా. దేవదానం తొడుక్కుని గుడిలో మగవాళ్ల వైపు చివరి వరసలో తల వంచుకు కూచున్నాడు. పాటలయ్యాయి, ప్రసంగమయింది. అయ్యగారు కళ్లద్దాలు సరిచేసుకున్నారు.

"పరకాల వాస్తవ్యుడైన దానియేలుకును, ఈ సంఘస్థుడైన జయరాజు గారి కుమార్తె కృపమ్మకును వివాహము నిశ్చయమైనది. ఇది మూడవ ప్రకటన. ఇందుకు ఎవరికైనను అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలుపవలెను."

ఆ గుడి కట్టినప్పటి నుంచి ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. అది జవాబు కోసం అడిగే ప్రశ్న అని కూడా ఎవరూ అనుకోలేదు. అయ్యగారు అప్పుడే పాటల పుస్తకం అందుకోబోతున్నారు.

కోటు లేచి నిలబడింది. లోపల దేవదానం కూడా లేవక తప్పలేదు. ఎడమచెయ్యి కోటు అంచు పట్టుకుంది, కుడిచెయ్యి పైకి లేచింది.

"అభ్యంతరం ఉన్నది హుజూర్!"

గుడి అదిరింది. తనను హుజూర్ అన్నవాళ్లు అంతవరకు ఎవరూ లేరు కాబట్టి అయ్యగారు ఒక్క క్షణం సంతోషపడి, అంతలోనే తేరుకున్నారు.

"ఏమిటయ్యా అభ్యంతరం?"

కోటు చప్పుడు చేయలేదు. లేచి నిలబడడం వరకే దాని అలవాటు. కేసు సంగతి దానికేం తెలుసు? చేతులు కట్టుకుని కక్షిదారు ఏం చెబుతాడా అని చూసింది. జనమంతా దేవదానం మొహంలోకి చూశారు. ఆడవాళ్ల వైపు సారమ్మ 'చెప్పురా తమ్మీ, చెప్పు, నీ కాల్మొక్కుత,' అని లోలోపలే గింజుకుంది.

"నాకు... నాకు దగ్గు ఎన్నడు లేదయ్యగారూ," అన్నాడు దేవదానం. అది అతని సొంత గొంతు, సన్నగా వణుకుతోంది. "కృపమ్మను చూడనీకె దవాఖానకు పోయిన. గా మందంత ఉత్తగనే తాగిన. ఆమె లేకపోతే నేను బతకలేను."

"అది అభ్యంతరమెట్లా అవుతుంది నాయనా?" అన్నారు అయ్యగారు జాలిగా.

ఆడవాళ్ల వైపు కృపమ్మ లేచింది. "ఆయనకు దగ్గు లేదని నాకెరుకే అయ్యగారూ. నేను పోసింది మందు గాదు, చక్కెర నీళ్లల్ల ఎర్ర రంగు కలిపిన. రేపన్న నోరిప్పుతడా, రేపన్న నోరిప్పుతడా అని సీసా మీద సీసా పోసిన."

జయరాజు పంతులు చేతికర్ర పట్టుకుని లేచాడు. కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది ఆయన మొహంలో. "మరి నాకెందుకు చెప్పలేదు బిడ్డా?"

"నువ్వు నన్ను అడిగినవా బాపూ? సంబంధం చూసినవ్, కుదిర్చినవ్, చీరె రంగు మాత్రం అడిగినవ్. అయ్యగారు ఇప్పుడు 'ఎవరికైనను' అన్నరు. అండ్ల నేను గూడ ఉన్నగద."

  సంఘమంతా లేచి నిలబడి చూస్తుండగా జయరాజు కర్ర పొడుచుకుంటూ మెల్లగా వెనక వరస దాకా నడిచి వెళ్లాడు.

"ఓ పిలగా, ఆ కోటు ఇప్పు. కోటుకు నేను పిల్లనియ్య."

దేవదానం కోటు విప్పి బల్ల మీద పెట్టాడు. చలికి, భయానికి పండ్లు టకటకలాడాయి. అయినా చెప్పాడు. కృపమ్మను ఇయ్యమని అడిగాడు, మంచిగా చూసుకుంటానన్నాడు, మిల్లు సంగతి చెప్పాడు, కట్టబోయే ఇంటికి కిటికీ ఎటువైపు పెడతాడో చెప్పాడు. ఇన్నేళ్ల మాటలూ ఒక్కసారిగా వచ్చి పడుతుంటే అయ్యగారు కూచున్నారు, తర్వాత సంఘమంతా కూచుంది. సారమ్మ మాత్రం నిలబడే ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని, నవ్వుతూ, వెక్కివెక్కి ఏడుస్తూ, తమ్ముడి ప్రతి మాటకూ తల ఊపుతూ నిలబడి ఉంది.